రెండో బేసిన్

ఎవిందీ వాగు పై మడుగులో చిన్న చేపలన్నీ వెల్లకిలా తేలాయన్న కబురు, ఆ మడుగులో ఆడుకొచ్చిన అకుము చిన్నకొడుకు ఎబలేకు వాంతులు పట్టుకున్నాయన్న కబురు ఒకే పూట ఊళ్ళోకి వచ్చాయి. ఈ రెండింటినీ ముడివేసి, ఆ ముడికి ఒక మనిషి పేరు తగిలించడానికి మా ఊరికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ పేరు మెంగే.

మెంగే నా చిన్న మరిది కొడుకు మెద్జో భార్య. పోయిన వానల్లో చెట్టు కూలి మీద పడి మెద్జో చనిపోయాడు. ఆమె పుట్టింటివాళ్ళు నదికి అవతల ఉంటారు, వేరే వంశం. ఇక్కడ ఆమెకు మిగిలినవి కోకో తోటలో ఒక చెక్క, బెల్లా అనే కూతురు. మాలో తప్పు రుజువైన కోడలు ఊరు విడిచి వెళ్ళాలి. బిడ్డ మాత్రం తండ్రి ఇంటికే చెందుతుంది, తోట చెక్క కూడా. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గాని, నింద పడిన సాయంత్రమే మెద్జో అన్న ఒందువా వచ్చి, తీర్పు అయ్యేదాకా మా ఇంట్లో ఉంటుందంటూ బెల్లాను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. పిల్ల ఏడవలేదు. తల్లి కనిపించినంతసేపూ మెడ తిప్పి చూస్తూ వెళ్ళింది.

అవి ఆడవాళ్ళం వాగుకు అడ్డుకట్ట వేసే ఎండల రోజులు. కొమ్మలు, మట్టి తొక్కి కట్ట కడతాం. లోపలి నీరు బేసిన్లతో తోడిపోసి, బురదలో చేపలు ఏరుకుంటాం. మొదటి మట్టిముద్ద ఆడవాళ్ళకు పెద్దగా ఉన్నామె వేయాలి. అది వేయకుండా ఎవరూ నీళ్ళలో దిగరు. ఆ పెద్దరికం ఇప్పుడు నాది. కట్టకు ముందు ఎవరూ ఒంటరిగా చేపలు పట్టరాదు, బెరడు దంచి నీళ్ళలో కలపడం అంతకన్నా కూడదు. ఆ బెరడు రసానికి చేపలు మత్తెక్కి తేలతాయి, ఒక్క మనిషే బుట్ట నింపుకుని పోవచ్చు. దిగువన తాగేవాళ్ళ సంగతి మాత్రం దేవుడే చూసుకోవాలి.

నాయకుడు ఎవినా చావడి ఆ సాయంత్రం కిక్కిరిసింది. ఎవినా నా పెద్ద మరిది. అకుము అతని కోడలు. ఆమె జుట్టు కూడా ముడుచుకోకుండా వచ్చి నిలబడింది.

"నా కళ్ళతో చూశాను మామయ్యా! పై మడుగు వైపు నుంచి ఒక్కతే దిగొచ్చింది. బుట్ట మీద అరిటాకు కప్పుకుంది. బెరడు కాకపోతే ఆ బుట్టలో ఏముంది, బంగారమా?"

"తీగాకు," అంది మెంగే. "కూరకి అమ్ముకునే తీగాకు. లారీవాళ్ళకి అమ్మేశాను."

"లారీ ఎటుపోయింది?" అడిగాడు ఎవినా.

"పట్నానికి."

"చూశారా? సాక్ష్యం పట్నం వెళ్ళిపోయింది!" అన్నాడు ఒందువా. వెనక ఎవరో నవ్వారు.

నేను లేచాను. "ఎవినా, ముందు పిల్లవాణ్ణి మిషన్ ఆసుపత్రికి పంపు. తీర్పులు ఒక పూట ఆగుతాయి. వాంతులు ఆగవు."

అకుము భర్త న్దోంగో మోటారు సైకిలు తీశాడు. పిల్లవాణ్ణి అతని వీపుకు గుడ్డతో కట్టారు. అకుము వెనక ఎక్కబోతే ఎవినా చెయ్యి అడ్డం పెట్టాడు. నింద వేసిన మనిషి తీర్పు వచ్చేదాకా ఊరు దాటకూడదన్నది ఆచారం. ఆ బండి మలుపు తిరిగేదాకా ఆమె రోడ్డు మీద నిలబడిపోయింది. తిరిగి వచ్చాక ఆమె మెంగేను చూసిన చూపులో కోపం కన్నా భయం ఎక్కువగా కనిపించింది నాకు.

"వాగు ప్రమాణం పెడదాం," అన్నాడు ఎవినా. "రేపు పొద్దున్నే."

వాగు ప్రమాణం అంటే ఇది. ఎనామెల్ బేసిన్‌లో వాగు నీళ్ళు పోసి, రెండు రంగుచేపలను వదిలి, నింద పడిన మనిషి ముందు పెడతారు. ఒక చేప వాగుది, ఒక చేప ఆ మనిషిది. ముంగిట్లో ఎండ పోయేవేళకు రెండూ ఈదుతుంటే ఆ మనిషి మాట నిజం. ఒకటి పొట్ట పైకి తేల్చిందా, అబద్ధం. రంగుచేప వేలెడంత ఉంటుంది. పక్కలు నెమలికంఠం రంగు, వాటి మీద నెత్తుటి చుక్కల్లాంటి ఎరుపు. తోక రెండు కొసలూ పసుపుదారాల్లా సాగి ఉంటాయి. అంత అందమైనది అబద్ధం చెప్పదని మా వాళ్ళ నమ్మకం.

ఆ చేపను నేను ప్రతి ఉదయం చూస్తాను. ఊరి వెనక, వేరే ఊట నుంచి వచ్చే పాయలో నేను బట్టలు ఉతికే బండ కింద ఒక రంగుచేప ఉంది, అవతల రాలుటాకు కింద ఇంకొకటి ఉంది. ఒకదాని నీడలోకి మరొకటి వచ్చిందంటే రెక్కలు విప్పుకుని, పక్కలు తిప్పి, దవడలు పట్టుకుని కొట్టుకుంటాయి. ఓడినది పారిపోతుంది. వాగులో పారిపోవడానికి చోటుంది. బేసిన్‌లో ఎక్కడికి పోతుంది?

ఆ మాటే చావడిలో చెప్పాను. "రంగుచేపలు మగవి, ఎవినా. వాటి పక్కన తిరిగే బూడిద రంగువి వాటి పెళ్ళాలు. మనం వాటిని వేరే జాతి అనుకుని వదిలేసి, ఎప్పుడూ రెండు మగవాటినే తెచ్చి ఒకచోట పెడతాం. అవి కొట్టుకు చస్తాయి. మనం ఆడదాన్ని ఊళ్ళోంచి పంపేస్తాం."

ఒకోమో, నా ఈడు ముసలిది, పొగాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ, "అంత సోకు చేసుకున్నది మగదైతే, ఆ మాసిపోయింది పెళ్ళామా? పాపం, మన కొంపల్లాగే ఉందే వాటిది కూడా!" అంది. చావడంతా గొల్లుమంది.

ఎవినా నవ్వు ఆపుకుంటూ, "వదినా, కాన్వెంటు సిస్టర్లు నీకు చేపల కాపురాలు కూడా చెప్పారా?" అన్నాడు.

"కాపురాలు చూడటానికి సిస్టర్లు అక్కర్లేదు. కళ్ళుంటే చాలు."

"ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాణం తప్పలేదు. పెట్టినప్పుడల్లా దోషి దొరికింది."

"ఒక్కరైనా నిర్దోషిగా లేవకపోవడం నీకు వింతగా లేదా?"

"తప్పు చేయనిదాని మీద నింద ఎవరేస్తారు వదినా?" అన్నాడు, ఎంతో ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆ ప్రశ్న తన చుట్టూ తానే గోడ కట్టుకున్న ప్రశ్న. దానికి బయటి నుంచి దారి లేదు. లోపలి నుంచే వెతకాలనుకున్నాను.

చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంటులో ఇద్దరు పిల్లలు పోట్లాడుకుంటే ఫిర్యాదు చేసిన పిల్ల కూడా, తప్పు తేలేదాకా, రెండో పిల్ల పక్కనే మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఆ శిక్ష మీద నాకు చాలా కాలం కోపం ఉండేది. అది శిక్ష కాదని, ఇద్దరికీ ఒకటే కొలత అని తెలియడానికి వయసు రావాలి.

"సరే, ప్రమాణం పెట్టు," అన్నాను. "రెండు బేసిన్లు పెట్టు. ఒకటి మెంగే ముందు. ఇంకొకటి అకుము ముందు. ఇద్దరికీ ఒకటే కొలత."

"నాకెందుకు?" అంది అకుము అదిరిపడి. "నా బిడ్డ అక్కడ చావుబతుకుల్లో ఉంటే నా ముందు బేసిన్ పెడతావా పెద్దత్తా?"

"నువ్వు చెప్పింది నిజమైతే నీ చేపలకేం భయం?"

"ఆచారం అట్లా లేదు," అన్నాడు ఒందువా.

"అయితే ఎల్లుండి కట్టకు మట్టిముద్ద నువ్వే వెయ్యి నాయనా. ఆడవాళ్ళు నీ వెనకాల దిగుతారేమో చూద్దాం."

ఈసారి నవ్వు అతని మీద పడింది. కట్ట లేకపోతే ఈ ఎండాకాలం ఏ కుండలోనూ చేప ఉండదని అందరికీ తెలుసు. ఎవినా చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. చివరకు, "పెట్టండి రెండూ," అన్నాడు.

నేను గెలిచానని ఆడవాళ్ళు నా భుజం తట్టారు. గుడిసె చేరేదాకా నాకూ అలాగే అనిపించింది. తలుపు వేసుకున్నాక గాని అసలు భయం పట్టుకోలేదు. అకుము చేపలు రెండూ ఏ కారణం చేతనో బతికి, మెంగేవి చస్తే? ఒక్క బేసిన్ ఉన్నప్పుడు అది ఆచారం చెప్పిన తీర్పు మాత్రమే. రెండు బేసిన్లు పెట్టి, ఒకటి బతికి ఒకటి చస్తే, దాన్ని మించిన రుజువు ఇక ఉండదు. ఆమెను కాపాడాలని వేసిన తాడుతో నేనే ఆమె చేతులు కట్టినదాన్ని అవుతాను.

తెల్లవారేసరికి చేపలు తేవడానికి వెళ్ళింది ఒందువా. పై మడుగులో చేపలు లేవు గనుక ఊరి వెనక పాయలో, ఆ నీళ్ళతో సహా పట్టుకొచ్చాడు. నేను మెంగే జుట్టు సరిచేస్తూ ఉన్నాను. అతను వదలడం సరిగా చూడలేదు. నీళ్ళు తేరుకున్నాక చూశాను. మెంగే బేసిన్‌లో రెండూ తోకదారాలు సాగిన పెద్ద మగచేపలు. అకుము బేసిన్‌లో ఒకటి పెద్దది, ఒకటి ఇంకా సరిగా రంగు కూడా తేరని చిన్నది.

"ఇది ఒప్పుకోను," అన్నాను. "ఈ చిన్నది పోట్లాడదు. మూలన నక్కి కూర్చుంటుంది."

"రంగు ఉందా లేదా?" అన్నాడు ఒందువా.

"ఉంది."

"రెండు ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి."

"మరి? కొలత కొలత అన్నావు కదా పెద్దమ్మా, కొలిచే తెచ్చాను."

నీళ్ళలోకి ఒకసారి వదిలిన చేపను తీర్పు దాకా తీయకూడదు. ఆ ఆచారమూ అతనికి తెలుసు. ఎవినా వైపు చూశాను. ఎవినా చావడి దూలాల వైపు చూస్తున్నాడు.

మెంగే ఒక పీట మీద, అకుము ఒక పీట మీద, ఎదురెదురుగా కూర్చున్నారు. ఆడవాళ్ళ పెద్దగా కాపలా నాది గనుక రెండు బేసిన్లకూ మధ్య నేను కూర్చున్నాను. ఒందువా గుమ్మం పక్కన బెల్లాను ఒళ్ళో పెట్టుకుని, అందరికీ కనబడేలా, ఉడికించిన అరటికాయ ముక్కలు తినిపిస్తున్నాడు. పిల్ల నోట్లో పెట్టింది మింగకుండా బుగ్గనే ఉంచుకుంది.

మెంగే బేసిన్‌లో ఎక్కువసేపు పట్టలేదు. మొదట రెండు చేపలూ దూరంగా నిలిచి రెక్కలు విప్పాయి. ఆ క్షణంలో వాటి అందం చూసి చావడిలో సగం మంది ఊపిరి బిగపట్టారు. అదే కోపమని ఎవరికీ తెలియలేదు. తరువాత పక్కలు ఆనించి తోకలతో నీళ్ళు కొట్టుకున్నాయి. ఎనామెల్ మీద చిన్న చిన్న చప్పుళ్ళు. ఒకదాని తోకదారం తెగి నీళ్ళలో వేలాడింది.

"ఆడుకుంటున్నాయి," అంది ఎవరో పడుచుపిల్ల.

"నీ మొగుడు కూడా నీతో అట్లాగే ఆడుకోవాలి," అంది ఒకోమో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అకుము బేసిన్‌లో చిన్నచేప అంచు కింద చేరి, ఒళ్ళు ముడుచుకుని, రంగు కూడా దాచుకుని ఉంది. పెద్దది దాని ముందు నుంచి ఒకసారి వెళ్ళి, లక్ష్యపెట్టనట్టు తిరిగి వచ్చింది. నేను భయపడినట్టే అవుతోంది. నా జపమాల చేతిలోనే ఉంది గాని ఏ పూస దగ్గర ఉన్నానో తెలియలేదు. రెప్ప వేస్తే ఆ మధ్యలో ఏదో జరిగిపోతుందనిపించేది. మెంగే చేపల్లో దెబ్బతిన్నది ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుని, మళ్ళీ ఒరుగుతోంది. మెంగే దాన్ని చూడటం లేదు. గుమ్మం వైపే చూస్తోంది.

"పెద్దత్తా," అంది నెమ్మదిగా. "నేను పోవలసి వస్తే, దానికి రాత్రిపూట చెవిపోటు వస్తుంది. వెచ్చటి నూనె చుక్క వెయ్యాలి. వాళ్ళకి తెలీదు."

"నోరు మూసుకో," అన్నాను. గొంతు కరుకుగా రాకపోతే ఏడుపు వచ్చేది.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు జనం కర్రపెండలం తినడానికి లేచారు. ఎవినా తన పీట లాక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెంగే బేసిన్‌లోని దెబ్బతిన్న చేపను చాలాసేపు చూశాడు.

"మా అమ్మ బేసిన్‌లో కూడా ఇట్లాగే ఒరిగింది," అన్నాడు.

నేను అతని వైపు తిరిగాను. అత్తగారు ఎక్కడికి పోయిందన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేను కోడలిగా వచ్చేసరికి ఆమె పీట కూడా ఇంట్లో లేదు.

"నేను దాని తెల్లటి పొట్ట చూశాను వదినా. చూసి, మా అమ్మ అబద్ధాలకోరు అనుకున్నాను. మూట నెత్తిన పెట్టుకుని పోతూ నన్ను పిలిచింది. నేను వెళ్ళలేదు. ఇప్పుడు నువ్వు అవి మగచేపలు, కొట్టుకు చస్తాయి అంటున్నావు. అదే నిజమైతే మా అమ్మ సంగతేంటి?"

అతను ఎందుకు దూలాలు చూస్తూ కూర్చున్నాడో అప్పుడు అర్థమైంది. ఓదార్పు మాట నోటిదాకా వచ్చింది. కాని ఓదార్పు ఇస్తే అతను దాన్ని పట్టుకుని లేచిపోతాడు, మెంగే ఇక్కడే కూలిపోతుంది.

"అది నేను చెప్పలేను, ఎవినా. ఆ గుమ్మంలో ఉన్న పిల్ల రేపు పెద్దదై ఎవర్నో ఇదే మాట అడగాలా వద్దా అన్నది మాత్రం నీ చేతిలో ఉంది."

అతను పీట అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఎండ ముంగిట్లో సగం దాటినప్పుడు మెంగే చేప పొట్ట పైకి తేల్చింది. దాన్ని చూడటానికి జనం మళ్ళీ చావడిలోకి తోసుకొచ్చారు. "అయిపోయింది," అన్నాడు ఒందువా, పెద్దగా ఏమీ కాదన్నట్టు, ఎప్పుడో తెలిసినట్టు. బెల్లా భుజం మీద చెయ్యి వేశాడు. మెంగే లేచి నిలబడింది. ఎటు నడవాలో తెలియక అలాగే ఉండిపోయింది.

"కూర్చో," అన్నాను. "ఎండ ఇంకా ఉంది. రెండో బేసిన్ ఉంది."

"దాంట్లో ఏముంది చూడటానికి? రెండూ నిక్షేపంగా ఉన్నాయి," అన్నాడు ఒందువా.

నిజమే, ఉన్నాయి. నేను నా మాట మీద నిలబడటానికి ఇక మిగిలింది ఒక ముక్క ఎండ, నక్కి కూర్చున్న ఒక పిల్లచేప. అందరి కళ్ళూ మెంగే మీదే ఉన్నాయి గనుక అకుము బేసిన్‌ను చూస్తున్నది నేను, అకుము మాత్రమే.

పెద్దచేప మూలకు వచ్చింది. చిన్నది అంచు వెంట జరిగింది. పెద్దది వెంబడించింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఉన్నట్టుండి చిన్నచేప నీళ్ళలోంచి రవ్వలా ఎగిరి, అంచు దాటి, అకుము పాదాల దగ్గర మట్టినేల మీద పడింది.

అకుము వంగి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. అది ఇంకా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. బేసిన్ జానెడు దూరంలో ఉంది. చెయ్యి అలా వాల్చితే చాలు. ఎవరూ చూడలేదు. ఆమె తలెత్తి నన్ను చూసింది.

నేను ఏమీ అనలేదు. అరవవచ్చు, అరిస్తే ఒందువా జారింది, చావలేదు అంటాడు. ఆమెను బతిమాలవచ్చు; బతిమాలితే అది ఆమె మాట కాదు, నా మాట అవుతుంది. నేను ఆమె కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను.

"మామయ్యా!" అని అరిచింది అకుము. చెయ్యి చాచి, అరచేతిలో చేపను చావడి అంతటికీ చూపించింది. "నేను చూసింది బుట్ట ఒక్కటే. బెరడు చూడలేదు. నీళ్ళలో చెయ్యి పెట్టడం చూడలేదు. బుట్ట, దాని మీద అరిటాకు... అంతే చూశాను. మిగిలింది నేనే అనుకున్నాను. ఈ మాట ఇక్కడ నొక్కిపెడితే నా పిల్లాడు అక్కడ బతకడు మామయ్యా, నాకు తెలుసు!"

"జారిపడింది, అంతే!" అన్నాడు ఒందువా. "నీళ్ళలో వెయ్యి, బతికే ఉంది!"

"బతికుంది, జారింది... ఏదైనా అను," అన్నాను. "ఆ బేసిన్‌లో ఒక చేప చచ్చింది. ఈ బేసిన్‌లోది నిలవలేదు. ఇద్దరూ అబద్ధాలకోరులైతే ఇద్దర్నీ పంపండి. నాయకుడి కోడలు ముందు నడవాలి, నింద ముందు ఆమె వేసింది గనుక. లేదంటే చేపలకు ఏమీ తెలియదని ఒప్పుకోండి."

అకుము అప్పటికే చేపను నీళ్ళలో వదిలింది. అది బతికిందో లేదో ఎవరూ వంగి చూడలేదు. అందరూ ఎవినాను చూస్తున్నారు. అతని పెదవులు మాత్రం కదిలాయి.

"పైకి చెప్పు," అన్నాను. "నింద పైకి వేశారు. లోలోపల తీసేస్తే కుదరదు."

ఎవినా నిలబడ్డాడు. "మెంగే ఈ ఊరి మనిషి," అన్నాడు. "మెద్జో తోట చెక్క ఆమెది. పిల్ల తల్లి దగ్గర పడుకుంటుంది. ఈ చావడిలో ఇక బేసిన్ పెట్టరు. ఎవరి ముందూ పెట్టరు." చివరి మాట దగ్గర అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా సన్నబడింది. వెంటనే కర్ర తీసుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ పూట అతన్ని ఎవరూ పలకరించలేదు.

ఒందువా చేతులు తీసేశాడు. బెల్లా పరుగెత్తలేదు, నడిచి వచ్చి, బుగ్గన ఉంచుకున్న అరటికాయ ముద్దను తల్లి అరచేతిలో ఉమ్మేసి, ఆమె కట్టుగుడ్డలో మొహం పెట్టుకుంది.

అంతా అయిపోయిందని జనం కదలబోతుంటే అకుము లేవలేదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అయితే నా బిడ్డ కడుపులో పడిందేమిటి?" అంది.

ఆ ప్రశ్న నిన్న సాయంత్రం నుంచీ మా మధ్యే ఉంది. దాని మీద మేమంతా మెంగేను కూర్చోబెట్టి కనబడకుండా చేశాం.

"మెంగే," అన్నాను, "నువ్వు పై మడుగు దాటి వెళ్ళావు కదా. అక్కడ ఏం చూశావు?"

"వాసన," అంది మెంగే. "కలప కంపెనీ వాళ్ళ దుంగల యార్డు దిగువన నీళ్ళ మీద పొర. నూనెలా కాదు, మందులా. ముక్కు మండింది. అక్కడ తీగాకు కోయకుండా పైకి వెళ్ళిపోయాను."

"ఇంతదాకా చెప్పవేమే పిచ్చిదానా!" అంది ఒకోమో.

"అందరూ బుట్టలో ఏముందనే అడిగారు," అంది మెంగే. "నీళ్ళల్లో ఏముందని ఎవరడిగారు?"

నేనూ అడగలేదు.

చీకటి పడేముందు న్దోంగో ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆ బండి మీద పిల్లవాడు లేడని చూసి అకుము రోడ్డు మీదే కూలబడింది. అతను దూరం నుంచే చెయ్యి ఊపుతూ, "బతికున్నాడు, బతికున్నాడు! సెలైన్ ఎక్కిస్తున్నారు. ఆ వాగు నీళ్ళు ఎవర్నీ తాగొద్దంది సిస్టరు," అని అరిచాడు. వాంతులు కట్టాయా అని అడిగితే, ఇంకా లేదన్నాడు.

మరుసటి ఉదయం అడ్డుకట్టకు వెళ్ళవలసిన ఆడవాళ్ళం వాగు వెంట పైకి నడిచాం. నేను మట్టిముద్ద వేయలేదు. ముందు మెంగే, ఆమె చెయ్యి పట్టుకుని బెల్లా. ఆ రోజు పిల్లను ఎవరికీ అప్పగించనంది. తాగేచోటు దగ్గర, పై మడుగులో, దాని పైన, ప్రతి చోటా ఆగి ఆకులు తొలగించి చూశాం. ఎక్కడా రంగుచేప లేదు, బూడిదది కూడా లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆ తేటదనమే భయం పుట్టించింది.

దుంగల యార్డు దగ్గర లారీల కోసం వేసిన చెక్క వంతెన ఉంది. వంతెన కింద నీలం పీపాలు కడిగి బోర్లించి ఉన్నాయి. వాటి నుంచి కారిన నీరు గాడిలా వాగులోకి దిగింది. వాసన మెంగే చెప్పినట్టే ఉంది. పురుగు పట్టకుండా దుంగల మీద చల్లే మందని ఎవరో అన్నారు. మెంగే వంతెన ఎక్కి అవతలికి దిగి, పై వైపు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక రాలుటాకు ఎత్తింది. ఆకు కింద నుంచి ఒక రంగుచేప రెక్కలు విప్పి, మీదికి వచ్చినంత పని చేసి, మళ్ళీ నీడలోకి పోయింది. దాని పక్కనే బూడిదది కదిలింది. అడుగు దూరంలో ఇంకో ఆకు, ఇంకో చేప. వంతెనకు పైన అన్నీ బతికి ఉన్నాయి. వంతెనకు కింద ఏదీ లేదు.

ఆడవాళ్ళంతా ఒకరి తరువాత ఒకరు వంగి రెండు వైపులా చూశారు. అకుము రెండు వైపులా రెండేసి సార్లు చూసింది.

యార్డు గేటు దగ్గరి కాపలామనిషి కర్ర ఊపుతూ వచ్చాడు. "ఏం కావాలమ్మా? ఇక్కడ పనుల్లేవు. పొండి పొండి."

"పనికి రాలేదు," అంది మెంగే. "మీ పెద్దని పిలువు."

"ఆయన లేరు. ఎప్పుడొస్తారో తెలీదు."

"వచ్చేదాకా ఉంటాం."

"ఇంతమందీనా?"

"ఇంకా వస్తారు," అంది అకుము.

మెంగే పీపాలకు ఎదురుగా ఒక దుంగ మీద కూర్చుని బెల్లాను ఒళ్ళోకి తీసుకుంది. అకుము అదే దుంగ మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. వాళ్ళు దాన్ని తగ్గించలేదు, నేనూ తగ్గించమనలేదు. మిగిలినవాళ్ళు ఖాళీ బుట్టలు పక్కన పెట్టుకుని ఎక్కడివాళ్ళు అక్కడే చతికిలబడ్డారు. కాపలామనిషి లోపలికి పోయి గేటు వేసుకున్నాడు. కొంతసేపటికి అడవిలోంచి ఇటే వస్తున్న లారీ చప్పుడు వినిపించింది. బెల్లా తల్లి మెడ గట్టిగా పట్టుకుంది. ఎవరూ లేవలేదు.